మెట్లు లేని గ్యాలరీ: ఆన్‌లైన్ చిత్రప్రదర్శన అందరికీ అందేలా ఎలా పెట్టాలి

మూడేళ్ల క్రితం బెంగళూరులో మేం కొందరు తెలుగువాళ్లం కలిసి ఒక చిన్న చిత్రప్రదర్శన పెట్టాం. ఎనిమిది మంది చిత్రకారులు, ముప్పై ఆరు బొమ్మలు. అద్దెకు దొరికిన హాలు మొదటి అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. మా పెద్దమ్మ పొద్దున్నే హిందూపురంలో బస్సెక్కి వచ్చింది. మోకాళ్ల నొప్పులతో ఆ మెట్లెక్కలేక, కింద వాచ్‌మన్ వేసిన ప్లాస్టిక్ కుర్చీలోనే గంటన్నర కూర్చుంది. మా చెల్లి పైనుంచి ఒక్కో బొమ్మా ఫోన్లో ఫోటో తీసుకొచ్చి చూపిస్తుంటే, ఒక బొమ్మ దగ్గర ఆగి "ఆయమ్మ చేతిలో ఉండేది ఏంది పాపా, చేటనా తట్టనా?" అని అడిగింది. పైన హాల్లో తిరిగినవాళ్లు ఒక్కరు కూడా ఆ ప్రశ్న అడగలేదు. బొమ్మను అంత శ్రద్ధగా చూసే మనిషి కిందే ఉండిపోయిందే అని నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆ తర్వాతి రెండు ప్రదర్శనలూ ఆన్‌లైన్‌లో పెట్టాం. మొదటిదాంట్లో చాలా తప్పులు చేశాం, రెండోదాంట్లో కొన్ని సరిదిద్దుకున్నాం. మీరు కూడా మీ కాలనీ తరఫునో, కాలేజీ తరఫునో, నలుగురు చిత్రకారులు కలిసో ఇలాంటిది పెట్టాలనుకుంటుంటే, మేం పడ్డ ఇబ్బంది మీరు పడకుండా ఉండేందుకు వరసగా చెబుతాను.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. బెంగళూరు కుమారకృపా రోడ్డులో చిత్రకళా పరిషత్తు వాళ్లు రెండు దశాబ్దాలకు పైగా ఏటా, ఎక్కువగా జనవరిలో పెట్టే బొమ్మల సంత, చిత్రసంతె, మీరు చూసే ఉంటారు, ఆ ఆదివారం రోడ్డు మీద అడుగు తీసి అడుగు వేయలేం. కరోనా వల్ల 2021లో ఆ సంతె కూడా ఆన్‌లైన్‌లోనే జరిగింది. కస్తూర్బా రోడ్డులోని మ్యాప్ (మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫోటోగ్రఫీ) అయితే 2020 డిసెంబరులో ముందు ఇంటర్నెట్‌లోనే తలుపులు తెరిచింది, భవనం జనానికి తెరిచింది 2023 ఫిబ్రవరిలో. అంటే దారి ఎప్పుడో పడింది. కాకపోతే నెట్‌లో పెట్టినంత మాత్రాన అందరికీ అందదు, అక్కడా మెట్లుంటాయి, అవి మన కళ్లకు కనపడవు, అంతే.

ముందు ఎవరు రాలేకపోతున్నారో రాసుకోండి

సాఫ్ట్‌వేర్ గురించి ఆలోచించే ముందు ఒక కాగితం తీసుకోండి. మీకు తెలిసినవాళ్లలో, పోయినసారి మీ ప్రదర్శనకు రావాలనుండీ రాలేకపోయినవాళ్లు ఎవరెవరో ఒక్కొక్కరి గురించీ ఒక్కో లైను రాయండి. చక్రాల కుర్చీలో తిరిగే అన్నయ్య. చూపు లేని స్నేహితుడు. చూపు మందగించిన తాతగారు. వినపడని అమ్మాయి. జనం, గోల ఎక్కువైతే తట్టుకోలేని ఆటిజం పిల్లాడు, వాడితో పాటు ఇంట్లోనే ఉండిపోయే వాళ్లమ్మ. మూడు నెలల పసిబిడ్డ తల్లి. మారతహళ్లిలో షిఫ్టు డ్యూటీ చేసేవాళ్లు. కదిరి దగ్గర పల్లెలో పాత ఫోను, సరిగ్గా రాని సిగ్నలు ఉన్న బంధువులు. ఇంగ్లీషు చదవలేనివాళ్లు, అసలు ఏ భాషా చదవలేనివాళ్లు కూడా.

2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆ జాబితా ఒకసారి చదవండి, మనకు తట్టనివి చాలా ఉంటాయి. కానీ మొదలుపెట్టడం మాత్రం తెలిసిన మనుషుల నుంచే మొదలుపెట్టండి. "దివ్యాంగుల కోసం" అనుకుంటే పని ముందుకు సాగదు, "పెద్దమ్మ ఇది ఎలా చూస్తుంది" అనుకుంటే సాగుతుంది.

త్రీడీ గది తర్వాత, సాదా పేజీ ముందు

మేం చేసిన పెద్ద తప్పు ఇక్కడే. ఆన్‌లైన్ గ్యాలరీ అనగానే అందరికీ త్రీడీ హాలే గుర్తొస్తుంది, తెల్ల గోడలు, గోడలకు బొమ్మలు, మౌస్‌తో నడుచుకుంటూ వెళ్లడం. మేమూ ఒక రెడీమేడ్ సర్వీసులో అలాంటి గది కట్టాం, చూడ్డానికి నిజంగా బాగుంది. మా ఆఫీసులో ఒక మిత్రుడున్నాడు, పుట్టుకతోనే చూపు లేదు, తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటరును మాకంటే వేగంగా వాడతాడు. లింకు పంపితే అయిదు నిమిషాల్లో ఫోన్ చేశాడు. "నాకు రెండే మాటలు వినపడుతున్నాయి. గ్రాఫిక్, బటన్. గ్రాఫిక్, బటన్. బొమ్మలెక్కడ?" అన్నాడు.

కారణం ఏమిటంటే, బ్రౌజరు ఆ త్రీడీ గదినంతా ఒకే ఒక్క బొమ్మగా గీస్తుంది. లోపల ముప్పై ఆరు చిత్రాలున్నా, వాటి కింద పేర్లున్నా, స్క్రీన్ రీడర్‌కు అదంతా ఒక ఖాళీ చట్రమే, తయారుచేసినవాళ్లు విడిగా ఏర్పాటు చేస్తే తప్ప. పైగా పాత ఫోన్లలో ఆ గది తెరుచుకోదు, తెరుచుకున్నా డేటా తాగేస్తుంది. కొందరికి కెమెరా కదులుతుంటే కళ్లు తిరుగుతాయి.

కాబట్టి అసలు గ్యాలరీగా ఒక సాదా వెబ్ పేజీ పెట్టుకోండి. పైన ప్రదర్శన పేరు, నాలుగు లైన్ల పరిచయం. ఆ తర్వాత ఒక్కో బొమ్మా వరసగా: శీర్షిక, ఫోటో, చిత్రకారుడి పేరు, వర్ణన, ఆడియో. ప్రతి బొమ్మ పేరునూ పేజీ తయారుచేసే చోట ఉండే 'హెడింగ్' ఆప్షన్‌తో నిజమైన హెడింగ్‌గా పెట్టండి, అక్షరాలు లావు చేసి వదిలేయకండి, ఎందుకంటే స్క్రీన్ రీడర్ వాడేవాళ్లు హెడింగ్ నుంచి హెడింగ్‌కు దూకుతూ వెళ్తారు, మనం హాల్లో ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకు నడిచినట్టు. త్రీడీ గది మీద మనసుంటే అది కూడా పెట్టండి, "గదిలో తిరిగి చూడాలంటే ఇక్కడ నొక్కండి" అని ఒక లింకుగా. దానంతట అదే మొదలయ్యే సంగీతం, దానంతట అదే కదిలే బొమ్మలు వద్దు. సెకనుకు మూడుసార్లకు మించి మెరిసేది ఏదీ అసలే వద్దు, మూర్ఛ వ్యాధి ఉన్నవాళ్లకు అది ప్రమాదం.

ఫోటోలు, అనుమతులు

చిత్రాన్ని ఫ్రేములోంచి, అద్దంలోంచి బయటికి తీసి ఫోటో తీయండి. ఎండ నేరుగా పడని వరండాలో పొద్దున పూట వెలుతురు చాలు. ఫోను బొమ్మ మధ్య ఎత్తులో, బొమ్మకు సమాంతరంగా ఉండాలి. మరీ దగ్గరికెళ్లి తీస్తే అంచులు వంగుతాయి, రెండడుగులు వెనక్కి జరిగి కొంచెం జూమ్ చేయండి. పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి తీస్తే, తర్వాత రంగులు సరిచేసుకోవడం సులువు. అద్దం తీయడం కుదరకపోతే మీ వెనక నల్ల దుప్పటి కట్టండి, ప్రతిబింబాలు తగ్గుతాయి. మొత్తం బొమ్మతో పాటు, కుంచె గీతలు కనపడేంత దగ్గర ఫోటోలు రెండు మూడు తీయండి. చూపు తక్కువగా ఉన్నవాళ్లకు ఇవి చాలా పనికొస్తాయి. హాల్లో అయితే తాడు అడ్డముంటుంది కాబట్టి అంత దగ్గరికి ఎవరూ వెళ్లలేరు. పేజీలో కనపడే ఫోటో చిన్న సైజులో పెట్టి, పెద్దది కావాలనుకున్నవాళ్లకు విడిగా లింకు ఇవ్వండి.

అనుమతి సంగతి ముందే తేల్చుకోండి. బొమ్మ కొనుక్కున్నవాళ్లకు దాన్ని నెట్‌లో పెట్టే హక్కు దానంతట అది రాదు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం చిత్రకారుడి జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఆ హక్కు ఆయనదో, ఆయన వారసులదో. రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు గారు 1925లోనే పోయారు కాబట్టి ఆయన చిత్రాలకు ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది, కానీ ఇవాళ మనతో పాటు బతికున్న కలంకారీ కళాకారుడి విషయంలో అలా కాదు. ఎన్నాళ్లు పెడతాం, ఏ సైజులో పెడతాం, వర్ణన రాసి చదివిస్తాం అని ఒక పేజీ కాగితం మీద రాసి సంతకం తీసుకోండి, వాళ్లకు అర్థమయ్యే భాషలో.

వర్ణన: అసలు పనంతా ఇక్కడే

మీకున్న సమయంలో సగం దీనికే పెట్టమంటాను. చూపు లేనివాళ్లకు బొమ్మ చేరేది ఈ మాటల్లోనే. మాకు అనుభవంలో తెలిసిందేమిటంటే, చూపున్నవాళ్లు కూడా ఇది చదివాక మళ్లీ బొమ్మ దగ్గరికి వెళ్లి చూస్తారు.

పెద్దమ్మ అడిగిన ఆ బొమ్మకు మేం మొదట రాసింది ఇది: "గ్రామీణ స్త్రీ శ్రమలోని సౌందర్యాన్ని ఆవిష్కరించిన అద్భుత చిత్రం." మా మిత్రుడు విని, "సరే, ఇంతకీ ఆవిడ ఏం చేస్తోంది?" అన్నాడు. తర్వాత ఫోటో చూసి వర్ణన రాసిచ్చే ఒక యాప్‌కు ఫోటో ఇచ్చి చూశాం, అది చేటను పళ్లెం అంది. చివరికి కూర్చుని మళ్లీ రాశాం:

"కాన్వాస్ మీద యాక్రిలిక్ రంగులు. ఎత్తు 36 అంగుళాలు, వెడల్పు 27. అంటే రెండు మూరల ఎత్తు, మూడు జానల వెడల్పు. కళ్లంలో ఒక నడివయసు ఆవిడ చెనక్కాయలు తూర్పారబడుతోంది. చిత్రంలో ఎడమవైపు నిలబడి, కుడివైపుకు తిరిగి ఉంది. రెండు చేతులూ తలకన్నా పైకెత్తి చేటను వంచింది. కాయలు నిట్టనిలువుగా ఆమె కాళ్ల దగ్గర కుప్పగా పడుతున్నాయి. పొట్టూ ఎండాకూ మాత్రం గాలికి తేలి, చిత్రం కుడి అంచు దాకా పసుప్పచ్చ తెరలా పరుచుకున్నాయి. ముదురు ఎరుపు చీర, కొంగు నడుముకు దోపుకుంది. నేలంతా ఎండిన ఎర్రమట్టి రంగు. ఆకాశం పైన రెండు వేళ్ల మందం మాత్రమే కనిపిస్తుంది. పొట్టు ఎగిరే చోట రంగు మందంగా, గరుకుగా ఉంది, తాకితే బాగా కాలిన దోసె అంచులా ఉంటుంది."

ఇందులో మేం పాటించిన పద్ధతి చెబుతాను. ముందు అది దేనితో వేసింది, ఎంత పెద్దది. కొలత అంగుళాల్లో చెబితే అంకె మాత్రమే తెలుస్తుంది, మూరల్లో జానల్లో చెబితే చేత్తో కొలిచి చూసుకోవచ్చు. తర్వాత మొత్తం బొమ్మ ఒక్క వాక్యంలో. ఆ తర్వాత ఎడమ నుంచి కుడికో, దగ్గర నుంచి దూరానికో, ఏదో ఒక వరసలో వెళ్లండి, మధ్యలో వరస మార్చకండి. రంగులు వదిలేయకండి. పెద్దయ్యాక చూపు పోయినవాళ్లకు రంగులు గుర్తుంటాయి. పుట్టుకతో చూపు లేనివాళ్లు కూడా ఎరుపన్నా, పసుపన్నా చుట్టూ ఉన్న మనుషులు ఏమనుకుంటారో వినే పెరిగారు. "విషాదంగా ఉంది" అనే ముందు, కనుబొమలు ముడిపడ్డాయా, తల వంచుకుందా, అది చెప్పండి. విషాదమో అలసటో వినేవాళ్లు తేల్చుకుంటారు. "అద్భుతం", "అపురూపం" లాంటి మాటలన్నీ తీసేయండి.

రాయడం రానివాళ్లకు ఒక ఉపాయం ఉంది. బొమ్మను ఎదురుగా పెట్టుకుని, దాన్ని ఎప్పుడూ చూడని అక్కకో తమ్ముడికో ఫోన్ చేయండి. మీరు చెబుతుంటే వాళ్లు కాగితం మీద గీయాలి. వాళ్లు గీసిన దాంట్లో ఆవిడ కూర్చుని ఉంటే, నిలబడిందని మీరు చెప్పలేదన్నమాట. మా ముప్పై ఆరు వర్ణనల్లో సగానికి పైగా ఇలాగే సరయ్యాయి.

ప్రతి బొమ్మకూ రెండు వర్ణనలు కావాలి. ఫోటోకు తగిలించే ఆల్ట్ టెక్స్ట్, అంటే ఫోటో బదులు స్క్రీన్ రీడర్ చదివే మాటలు, ఒక్క వాక్యం చాలు, "కళ్లంలో చేటతో చెనక్కాయలు తూర్పారబడుతున్న స్త్రీ" అని. పొడుగ్గా రాసింది పేజీ మీదే ఫోటో కింద అందరికీ కనపడేలా పెట్టండి, ఎక్కడో దాచకండి.

తెలుగు అక్షరాల దగ్గర జాగ్రత్త

డీటీపీ చేసినవాళ్లు ఇచ్చిన అను ఫాంట్లలోని (ప్రింటింగ్ కోసం వాడే పాత తరహా తెలుగు ఫాంట్లు) మ్యాటరును నేరుగా పేజీలో అతికించారో, అది పిచ్చి గీతలుగా మారిపోతుంది, ఏ యంత్రమూ దాన్ని చదవలేదు. అంతా ఏ ఫోనైనా, కంప్యూటరైనా చదవగలిగే యూనికోడ్ అక్షరాల్లోకి మార్చుకోండి. బ్రోషరును ఫోటోగా పెట్టేసి "వివరాలు ఇందులో ఉన్నాయి" అనడం కూడా అంతే, అందులోని అక్షరాలన్నీ స్క్రీన్ రీడర్‌కు లేనట్టే. వెబ్‌సైటు చేసే అబ్బాయిని పేజీ భాష తెలుగు అని సెట్టింగులో పెట్టమని అడగండి. ఇంగ్లీషు అని ఉంటే కొన్ని ఫోన్లు తెలుగును ఇంగ్లీషు గొంతుతో చదవబోయి ముక్కలు చేస్తాయి, లేదా వదిలేస్తాయి. మన ఒత్తులు కింది లైనుకు తగలకుండా లైన్ల మధ్య జాగా ఎక్కువ ఉంచండి. లేత బూడిద రంగు అక్షరాలు చూడ్డానికి నాజూగ్గా ఉంటాయి గానీ తాతగారికి కనపడవు. మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకూ వెలుగులో తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5కు 1 ఉండాలన్నది ప్రపంచమంతా పాటించే ప్రమాణం, దాన్ని లెక్కగట్టే ఉచిత సాధనాలు నెట్‌లో ఉన్నాయి. బొమ్మ మీద అక్షరాలు మాత్రం వేయకండి.

ఇక భాషలు. బెంగళూరులో ఉండి తెలుగులో మాత్రమే పెడితే పక్కింటి కన్నడ కుటుంబం బయటే ఉండిపోతుంది. కనీసం తెలుగు, కన్నడం, ఇంగ్లీషు ఉండాలి. అన్నీ ఒకేసారి కుదరకపోతే ముందు అయిదు బొమ్మలకు చేయండి.

వినిపించడం, చూపించడం

ప్రతి వర్ణననూ ఎవరి చేతనైనా చదివించి ఆడియో పెట్టండి. స్టూడియో అక్కర్లేదు, తలుపులు మూసి, ఫ్యాను ఆపి, ఫోన్లో రికార్డు చేస్తే సరిపోతుంది. చదువు రానివాళ్లకు ఇదే గ్యాలరీ. చిత్రకారుడి గొంతు కూడా ఒక నిమిషం పెట్టండి. "మీ స్ఫూర్తి ఏమిటి" అని అడిగితే అందరూ ఒకే జవాబు చెబుతారు, "ముందు ఏ గీత గీశారు, ఏది చెరిపి మళ్లీ వేశారు" అని అడగండి.

వీడియో పెడితే కింద అక్షరాలు తప్పనిసరి. యంత్రం దానంతట అది వేసినవాటిని ఒక మనిషి కూర్చుని దిద్దాలి, కళాకారుల పేర్లు, పనిముట్ల పేర్లు అది తప్పకుండా తప్పుగా రాస్తుంది. సైగల భాషతో పెరిగిన వినపడనివాళ్లకు అదే మొదటి భాష, రాసిన తెలుగు రెండో భాష, కాబట్టి వాక్యాలు పొట్టిగా ఉంచండి. వీలైతే కనీసం పరిచయ వీడియోకైనా భారతీయ సైగల భాషలో చెప్పే ఇంటర్‌ప్రెటరును పెట్టుకోండి. వాళ్లకు మ్యాటరు నాలుగు రోజుల ముందే ఇవ్వాలి, చిత్రకళ మాటలు కొన్నిటికి సైగలు వెతుక్కోవాల్సి ఉంటుంది. వెనక సాదా గోడ ఉండాలి, చేతులు ఫ్రేములోంచి బయటికి పోకూడదు.

కలిసి చూసే వేళ పెట్టండి

పేజీ పెట్టి వదిలేస్తే ఎవరి ఇంట్లో వాళ్లు ఒంటరిగా చూసి వెళ్లిపోతారు. వారానికి ఒకసారి వీడియో కాల్‌లో పదిమందితో కలిసి చూడండి. ముప్పావు గంటకు నాలుగు బొమ్మలు చాలు. మాట్లాడే ప్రతివాళ్లూ ముందు తమ పేరు చెప్పాలి, తెర చూడలేనివాళ్లకు ఎవరు మాట్లాడుతున్నారో తెలియాలి కదా. "ఇక్కడ చూడండి" అనకుండా "పై కుడి మూలలో" అనండి. ఇళ్లల్లో పని చేసుకునే ఆడవాళ్లకు మధ్యాహ్నం మూడు గంటలకు వీలవుతుంది, ఉద్యోగాలవాళ్లకు రాత్రి తొమ్మిదికి. మేం రెండు వేళలూ పెట్టాం. నెట్ లేని ఇద్దరిని మామూలు ఫోన్ కాన్ఫరెన్సులో కలిపాం, వాళ్లు బొమ్మ చూడకుండానే అందరికన్నా ఎక్కువ మాట్లాడారు.

తెరిచే ముందు పరీక్ష

మీరే చేయాల్సినవి కొన్ని. ఆండ్రాయిడ్ ఫోను సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీలో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ ఉంటుంది, అది ఆన్ చేసి, కళ్లు మూసుకుని మీ పేజీలో మూడో బొమ్మ దగ్గరికి వెళ్లి ఆడియో వినడానికి ప్రయత్నించండి. వేలు కుడికి జరిపితే తర్వాతి దానికి వెళ్తుంది, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. కంప్యూటరులో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతుంది. మౌస్ పక్కన పెట్టి ట్యాబ్ కీతో మాత్రమే తిరిగి చూడండి. అక్షరాలు రెట్టింపు సైజు చేసి చూడండి. వైఫై ఆపేసి, ఇంట్లో ఉన్న అన్నిటికన్నా పాత ఫోన్లో తెరవండి.

ఇదంతా అయ్యాక, ఆ కాగితం మీద రాసుకున్న మనుషుల్లో కనీసం నలుగురి చేత చూపించండి. వాళ్ల సమయానికి డబ్బివ్వండి, సంకోచించకండి, వెబ్‌సైటు చేసిన అబ్బాయికి ఇచ్చినట్టే. వాళ్లు వాడుతున్నప్పుడు మధ్యలో అందుకుని "అక్కడ కాదు, ఇక్కడ నొక్కండి" అనకండి. వాళ్లు ఎక్కడ ఆగారో అదే మీరు బాగుచేయాల్సిన చోటు.

మాకు ఇలాగే తెలిసిన సంగతి ఒకటి: బొమ్మ కొనడానికి క్యూఆర్ కోడ్ పెట్టాం. ఫోన్లో పేజీ చూస్తున్న మనిషి అదే ఫోను కెమెరాతో ఆ కోడ్‌ను స్కాన్ చేయలేడు, చూపు లేని మనిషికి అదసలు ఎక్కడుందో తెలియదు. పక్కనే యూపీఐ ఐడీ అక్షరాల్లో రాసి, ఫోన్ చేసి మాట్లాడటానికి ఒక నంబరు ఇచ్చాం.

ప్రదర్శన అయిపోయాక కూడా పేజీ ఉంచండి. డొమైన్, అంటే వెబ్‌సైటు పేరు, డబ్బు ఎప్పుడు కట్టాలో ఇద్దరి ఫోన్లలో రిమైండరు పెట్టుకోండి. ఫోటోలు, వర్ణనలు, ఆడియోలు మీ దగ్గర రెండు చోట్ల దాచండి, ఎవరిదో త్రీడీ సర్వీసు మీద మాత్రం ఆధారపడకండి. మొజిల్లా హబ్స్ అని చాలామంది వర్చువల్ గదులు కట్టుకున్న సర్వీసు ఉండేది, 2024 మే 31న మూసేశారు.

చివర్లో ఒక ఫోన్ నంబరు, "వర్ణనలో ఏదైనా తప్పుంటే చెప్పండి" అన్న మాట తప్పకుండా ఉంచండి. మా పెద్దమ్మ హిందూపురంలో ఆ చెనక్కాయల బొమ్మ ఆడియో విని ఫోన్ చేసింది. "ఆయమ్మ నేల మీద నిలబడిందా, పీట మీద నిలబడిందా చెప్పలేదే. నేల మీద నిలబడితే గాలి అందదు నాయనా" అంది. పెద్ద ఫోటో తెరిచి వెతికితే, కాయల కుప్ప వెనక, మట్టి రంగులో కలిసిపోయి ముక్కాలి పీట ఉంది. ఆ బొమ్మను హాల్లో గోడకు తగిలించింది నేనే, అయినా నాకు కనపడలేదు. ఆ రాత్రే వర్ణనలో ఆ వాక్యం చేర్చి, ఆడియో మళ్లీ చదివించాం.